బూందీ తెనాలికి, మిరియం ఇంట్లోనే: కుక్కా పిల్లీ ఉన్న జంట సముద్రానికి వెళ్లాలంటే ఏది మేలు?

మా ఇంట్లో సూట్‌కేసు మంచం మీద పెట్టి జిప్పు తీయడమే ఆలస్యం. మిరియం అందులోకి దూకి మా ఆయన తెల్ల చొక్కా మీద చుట్ట చుట్టుకుని పడుకుంటుంది. బూందీ గదిలోకి రాదు. గుమ్మం దగ్గరే ఆగి, తోక దించేసి, ఒకసారి నా మొహం, ఒకసారి ఆయన మొహం చూస్తుంది. మిరియం నల్ల పిల్లి. బూందీ గోధుమరంగు వీధికుక్క. మా అపార్ట్‌మెంటు సెల్లారులో పుట్టి, తోబుట్టువులన్నీ ఎటో పోయాక మాకు మిగిలింది. ఇప్పుడు 18 కిలోలు.

ఉండేది మియాపూర్‌లో, ఇద్దరమే. నాలుగేళ్లలో నాలుగు సార్లు సముద్రానికి వెళ్లాం. నాలుగు సార్లూ వీటిని నాలుగు రకాలుగా సర్దాం: బోర్డింగ్‌లో పెట్టాం, ఇంటికి మనిషిని పెట్టాం, వెంట తీసుకెళ్లాం, మా పుట్టింట్లో దించాం. ఆఫీసులో కుక్కలున్న వాళ్లందరికీ ఒక్కొక్కరికీ చెప్పీ చెప్పీ నోరు నొప్పి పుట్టి, ఇలా ఒకచోట రాసిపెడుతున్నాను.

ముందుగా ఒక మాట. అందరూ ఊరు ఎంచుకుని, టికెట్లు తీసుకుని, రిసార్టుకు డబ్బులు కట్టేశాక అప్పుడు "మరి కుక్క సంగతేంటి" అనుకుంటారు. మేమూ అంతే చేశాం. అది తిరగేయాలి. ఎవరి దగ్గర వదులుతామో తేలిన తర్వాత, అక్కడికి ఎన్ని గంటల్లో తిరిగి రాగలమో చూసుకుని సముద్రాన్ని ఎంచుకోవాలి. ఇంకో సంగతి, కుక్కకూ పిల్లికీ కలిపి ఒకే ఏర్పాటు వెతకొద్దు. కుక్కకు మనిషి కావాలి. పిల్లికి ఇల్లు కావాలి. ఈ ఒక్క తేడా పట్టుకుంటే సగం చిక్కు విడిపోతుంది.

బోర్డింగ్ మంచిదా, ఇంటికి మనిషిని పెట్టడమా?

మొదటిసారి గోవా వెళ్లాం, దక్షిణాన అగొండా బీచికి, ఐదు రాత్రులు. బూందీని నగర శివార్లలో ఒక బోర్డింగ్‌లో పెట్టాం. పచ్చటి లాన్, చిన్న ఈతకొలను, గోడ మీద కుక్కల బొమ్మలు. మేం చూసింది అవే. రాత్రిపూట కుక్కలు ఎక్కడ పడుకుంటాయో చూపించమని అడగలేదు. వాళ్లు మమ్మల్ని వ్యాక్సిన్ పుస్తకం అడగలేదు. పని తేలిగ్గా అయిపోయిందని అప్పుడు సంతోషించాం కూడా.

తిరిగొచ్చిన మూడో రోజు బూందీకి దగ్గు మొదలైంది. గొంతులో ఎముక ఇరుక్కుంటే కక్కడానికి చూస్తారే, అలాంటి పొడి దగ్గు. డాక్టరు దాని గొంతు దగ్గర వేళ్లతో కొద్దిగా నొక్కగానే మళ్లీ దగ్గింది. "కెన్నెల్ కాఫ్" అన్నారు. కుక్కలు గుంపుగా ఉండేచోట గాలి ద్వారా అంటుకుంటుంది, అంటుకున్నాక 2 నుంచి 14 రోజుల్లో ఎప్పుడైనా బయటపడవచ్చు. ఏటా వేయించే కలగలుపు టీకాలో దీనికి ముఖ్య కారణమైన బోర్డెటెల్లాకు రక్షణ ఉండదు, అది విడిగా వేయించాలి. అదీ చేర్చే ముందు రోజు కాదు, కనీసం రెండు వారాల ముందు. మా పిల్ల పది రోజుల్లో కోలుకుంది కానీ తప్పులో సగం మాదే.

అందుకే బోర్డింగ్ విషయంలో నా కొలబద్ద ఒక్కటే: వ్యాక్సిన్ పుస్తకం అడగని చోట కుక్కను వదలొద్దు. మిమ్మల్ని అడగలేదంటే పక్క గూట్లో ఉన్న కుక్క వాళ్లనూ అడగలేదనే కదా. ఆ తర్వాత అడగాల్సినవి: రాత్రి అక్కడ మనిషి పడుకుంటాడా, లేక తాళం వేసి వెళ్లిపోతారా? ఒక్కొక్కరు ఎన్ని కుక్కల్ని చూసుకుంటారు? కొత్త కుక్కను గుంపులోకి ఎలా వదులుతారు? అర్ధరాత్రి ఏదైనా అయితే ఏ డాక్టరు దగ్గరికి తీసుకెళతారు? చెప్పకుండా వచ్చి చూస్తామంటే మొహం మారినా, పడుకునే చోటు చూపించనన్నా, అక్కణ్ణుంచి వచ్చేయండి. పది కుక్కల్ని పెట్టే బోర్డింగ్ కన్నా, తమ ఇంట్లోనే ఒకటో రెండో కుక్కల్ని ఉంచుకునే కుటుంబాలు ఇప్పుడు హైదరాబాదులో చాలానే ఉన్నాయి. డబ్బు కాస్త ఎక్కువైనా నా ఓటు వాళ్లకే.

ఇక పిల్లిని బోర్డింగ్‌లో పెట్టడం గురించి: వద్దు. తప్పదు అనుకుంటే తప్ప వద్దు. కొత్త చోట, పక్కన కుక్కల అరుపుల మధ్య, చాలా పిల్లులు తిండి మానేస్తాయి. కుక్క ఒక రోజు అలిగి తినకపోతే పెద్ద ప్రమాదం లేదు. పిల్లి వరసగా రెండు రోజులు తినకపోతే కాలేయం మీద పడుతుంది, ఒళ్లున్న పిల్లికి మరీను.

రెండోసారి విశాఖ వెళ్లినప్పుడు ఇంటికి మనిషిని పెట్టాం. పొద్దున ఒక గంట, సాయంత్రం ఒక గంట వచ్చి వెళ్లే ఒక కాలేజీ అమ్మాయి. మిరియానికి ఇది బ్రహ్మాండంగా సరిపోయింది. అమ్మాయి వచ్చినప్పుడు ఫ్రిజ్ మీద, వెళ్లాక సోఫా మీద. బూందీకి మాత్రం సరిపోలేదు. మొదటి రాత్రి పదకొండింటికి పై అంతస్తు పిన్నిగారు ఫోన్ చేశారు. "అమ్మాయ్, మీ బూందీ ఏడుస్తోంది. తాళం చెవి ఉంటే నేను వెళ్లి కాసేపు కూర్చోనా?" ఆవిడకు కుక్కలంటే భయం. అయినా అడిగారు. రెండో రాత్రి నుంచి ఆ అమ్మాయిని ఇంట్లోనే పడుకోమని బతిమాలాం, డబ్బులు దాదాపు రెట్టింపయ్యాయి. కాబట్టి లెక్క ఇలా వేసుకోండి: పిల్లి ఒక్కటే ఉంటే రోజుకు ఒకసారి, వీలైతే రెండుసార్లు మనిషి వచ్చి వెళితే చాలు. కుక్క ఉంటే రాత్రి నిద్ర చేసే మనిషి కావాలి. గిన్నెలో సమయానికి తిండి పోసే యంత్రాలు వచ్చాయి కదా, మనిషెందుకు అనేవాళ్లున్నారు. యంత్రం తిండి పోస్తుంది, పిల్లి తిన్నదో లేదో చెప్పదు. పిల్లి మూత్రానికి వెళ్లే లిట్టర్ పెట్టెలో ఇసుక తడిసి గడ్డలు కట్టిందో లేదో అసలే చెప్పదు. మగపిల్లి అయితే ఇది మరీ ముఖ్యం. పెట్టెలో కూర్చుని ముక్కుతూ ఉండి, మూత్రం రాలేదంటే మర్నాటి దాకా ఆగకూడదు, అప్పుడే డాక్టరు దగ్గరికి పరుగెత్తాలి. వచ్చే మనిషికి ఈ ఒక్కటి మాత్రం మూడుసార్లు చెప్పండి.

మనిషిని పెట్టినా, బోర్డింగ్ అయినా, ప్రయాణానికి రెండు మూడు వారాల ముందు ఒక్క రాత్రి ఉత్తుత్తి ప్రయాణం చేయండి. మీరు ఊళ్లోనే స్నేహితుల ఇంట్లో పడుకోండి. కుక్క అన్నం తిన్నదా, నిద్రపోయిందా, తలుపు గీరిందా, అన్నీ ఆ ఒక్క రాత్రిలో తెలిసిపోతాయి. విశాఖకు ముందు మేం ఈ పని చేసి ఉంటే పిన్నిగారికి ఆ ఫోన్ చేసే అవసరం ఉండేది కాదు.

వెంట తీసుకెళితే?

అందరికీ వచ్చే ఆలోచనే. ఇన్ని తంటాలెందుకు, వెంట తీసుకుపోదాం అని. మూడోసారి మేం అదే చేశాం, బూందీతో కారులో బాపట్ల దగ్గరి సూర్యలంక బీచికి. (మిరియానికి పై అంతస్తు పిన్నిగారే దిక్కు. పిల్లులంటే భయం లేదట.)

కారు కాక మిగతా దారులు ముందు చెప్పేస్తాను. రైల్లో కుక్కను మనతోపాటు ఉంచుకోవాలంటే ఫస్ట్ ఏసీలో ఇద్దరి కూపే గానీ, నలుగురి క్యాబిన్ గానీ మొత్తం మనదే అవ్వాలి. టికెట్ కొన్నంత మాత్రాన కూపే వస్తుందని లేదు, అర్జీ పెట్టుకుని చార్ట్ పడేదాకా గుండె చేత్తో పట్టుకుని కూర్చోవాలి. దొరికితే పార్శిల్ ఆఫీసులో కుక్కను బుక్ చేయించాలి, టీకా పత్రాలు చూపించాలి. సెకండ్ ఏసీ, థర్డ్ ఏసీ, స్లీపర్, చైర్ కార్‌లలో కుదరదు. అంటే విశాఖకు వందే భారత్ మర్చిపోవాలి. ఇక మిగిలింది గార్డు పెట్టెలో ఉండే ఇనుప గూడు. మా కుక్కను అందులో పెట్టను, మీరూ పెట్టొద్దనే నా మాట. విమానంలోనైతే ఇండిగో పెంపుడు జంతువుల్ని ఎక్కించుకోదు. ఎయిర్ ఇండియా, ఆకాసా ఎక్కించుకుంటాయి కానీ క్యాబిన్‌లోకి బుట్టతో కలిపి కొన్ని కిలోల లోపు బరువున్న వాటినే. ఆ పరిమితి మారుతుంటుంది, బుక్ చేసే రోజున చూసుకోవాలి. 18 కిలోల బూందీ అంటే సామాన్ల అరలోకే. పగ్, బుల్‌డాగ్ లాంటి చప్పిముక్కు కుక్కలకు ఆ ప్రయాణం ప్రాణం మీదికి వస్తుంది.

కారు ప్రయాణం బాగానే జరిగింది. నార్కట్‌పల్లి దగ్గర అద్దంకి దారి పట్టుకుని, రెండు గంటలకోసారి ఆపుకుంటూ, మధ్యాహ్నానికి బాపట్ల. 300 కిలోమీటర్ల పైచిలుకు. రిసార్టు వాళ్లు ఫోన్లో "పెట్స్ అలౌడ్ మేడమ్" అన్నారు. దిగాక తెలిసింది, వాళ్ల దృష్టిలో అలౌడ్ అంటే వరండా దాకా. గదిలోకి తీసుకెళ్లడానికి విడిగా డబ్బు, భోజనాల హాల్లోకి రానివ్వరు, గదిలో ఒంటరిగా వదలకూడదు. చివరి రెండూ కలిపి చదివితే మన పని అర్థమవుతుంది. ఒకళ్లు తింటుంటే ఇంకొకళ్లు కుక్కతో బయట నిలబడాలి. బుక్ చేసేటప్పుడు "తీసుకురావచ్చా" అని అడగొద్దు. "గదిలో ఉండొచ్చా, మేం తినేటప్పుడు ఎక్కడుంటుంది" అని అడగండి.

ఇక సముద్రం. బూందీ మొదటిసారి అలను చూసి మొరిగింది, రెండోసారి వెంటపడింది, మూడోసారి తాగింది. ఉప్పునీళ్లు తాగిన కుక్కకు ముందు వాంతులు, ఆపైన విరేచనాలు. ఎక్కువ తాగితే ఒంట్లో ఉప్పు పెరిగిపోయి మనిషి చేతుల్లో లేని స్థితికి వస్తుంది. మంచినీళ్ల సీసా, గిన్నె చేతిలోనే ఉండాలి, పది నిమిషాలకోసారి పట్టాలి. మధ్యాహ్నం ఇసుక మీద మన అరికాలు ఐదు క్షణాలు ఆన్చలేకపోతే దాన్నీ నడిపించకూడదు. ఓడరేవు వైపు వెళితే ఇంకో గండం, పడవల దగ్గర వలల్లోంచి ఏరి పారేసిన పనికిరాని చేపలు. వాటిలో విషపు చేపలూ ఉంటాయి, కుక్కకు అవి విందుభోజనంలా కనిపిస్తాయి. తాడు వదలకూడదు. జనవరి నుంచి ఏప్రిల్ దాకా అయితే తాడు వదలకూడదనడానికి ఇంకో కారణం ఉంది. ఆ నెలల్లో ఆలివ్ రిడ్లీ తాబేళ్లు మన తీరానికి రాత్రిళ్లు వచ్చి ఇసుకలో గుడ్లు పెట్టి వెళతాయి, వాటిని తవ్వితీసే జంతువుల్లో కుక్కలు ముందుంటాయి.

మూడు రోజుల్లో మేమిద్దరం కలిసి నీళ్లలో దిగింది మొత్తం అరగంట. మిగతా సమయమంతా ఒకరు నీళ్లలో, ఒకరు ఒడ్డున తాడు పట్టుకుని. రోజుకు రెండుసార్లు బాత్‌రూంలో దాని కాలివేళ్ల మధ్య ఇసుక కడగడం. నిజం చెప్పాలంటే బూందీకి అది గొప్ప సెలవే. మాకు మాత్రం కాదు. కుక్కతో సరదాగా తిరగాలనుకుంటే వెంట తీసుకెళ్లండి, ఏ లోటూ లేదు. ఇద్దరూ కాళ్లు చాపుకుని పుస్తకం చదువుకుంటూ కూర్చోవాలనుకుంటే మాత్రం ఇంటి దగ్గరే ఏర్పాటు చూడండి. ఈ రెండూ ఒకే ప్రయాణంలో కుదురుతాయని చెప్పేవాళ్లు ఇంకా వెళ్లి ఉండరు.

పుట్టిల్లు

నాలుగోసారి తెలివి వచ్చింది. మా అమ్మావాళ్లది తెనాలి. అక్కణ్ణుంచి సూర్యలంక గంటన్నర. బూందీని తెనాలిలో దించి మేం ముందుకు వెళ్లాం. మిరియం మియాపూర్‌లోనే, అదే కాలేజీ అమ్మాయి చేతిలో.

బంధువుల దగ్గర వదలడంలో డబ్బు ఖర్చు లేదు, ప్రేమకు లోటు లేదు. లోటల్లా మన మాట వినకపోవడంలోనే. "ఏమే, దీనికి రెండు పూటలేనా తిండి? నోరు లేని జీవి అని కడుపు మాడుస్తున్నారా?" అని అమ్మ మొదటి గంటలోనే మొదలుపెట్టింది. పెరుగన్నం పెడితే గొడవ లేదు. పులుసు కలిపి పెడితేనే గొడవ. ఉల్లి, వెల్లుల్లి కుక్క రక్తాన్ని దెబ్బతీస్తాయి. ఉడికించిన కోడి ఎముక చీలి గొంతులోనో పేగులోనో గుచ్చుకుంటుంది. ద్రాక్ష, కిస్‌మిస్, చాక్లెట్ అసలు తగలకూడదు; పరమాన్నంలో కిస్‌మిస్ ఉంటుందని మనకు గుర్తుండదు. "పెట్టొద్దు" అంటే అమ్మ వినదు. "ఇవి పెడితే డాక్టరు దగ్గరికి మోసుకెళ్లేది నాన్నే" అని చెప్పాను. నాన్న ఆ చీటీని తీసుకెళ్లి వంటింట్లో క్యాలెండరు పక్కన అంటించారు.

రెండో భయం గేటు. అపార్ట్‌మెంటు కుక్కకు ఇండిపెండెంట్ ఇంటి గేటు తెలియదు. పాలవాడు, పేపరువాడు, పనమ్మాయి, ఎవరో ఒకరు తీసి వదిలేస్తారు, కుక్క మనల్ని వెతుక్కుంటూ ఊరు కాని ఊళ్లో పడుతుంది. మెడపట్టీకి ఫోన్ నంబరున్న బిళ్ల కట్టండి. మీది కాదు, ఆ ఊళ్లో ఉండేవాళ్ల నంబరు. మనం సముద్రంలో ఉన్నప్పుడు మన ఫోను గదిలో ఉంటుంది.

అదే కారణంతో, ఎవరి దగ్గర వదిలినా ఒక కాగితం రాసి ఇవ్వండి: డాక్టరు నంబరు, రోజూ తినేది ఎంత, మందులేమైనా ఉంటే వేళలు, "మేం ఫోన్ ఎత్తకపోయినా చికిత్స మొదలుపెట్టండి" అన్న ఒక వాక్యం, కింద సంతకం. కొంత డబ్బు ముందే చేతిలో పెట్టండి. అత్తమామలైనా సరే, మొహమాటం వద్దు.

అయితే ఏ సముద్రం?

ఇప్పుడు ఊళ్ల సంగతి. కుక్కను ఆంధ్రలో బంధువుల దగ్గర వదిలితే సూర్యలంక, లేదా చీరాల పక్కన ఓడరేవు, రామాపురం. గొప్ప హంగులేమీ ఉండవు. వారాంతం జనం బాగా వస్తారు, కాబట్టి సోమవారం నుంచి గురువారం మధ్య వెళ్లండి. నీళ్లు లోతు లేనట్టే కనిపిస్తాయి, ఆ ధైర్యంతోనే లోపలికి వెళ్లి ఏటా ఎవరో ఒకరు కొట్టుకుపోతుంటారు. నడుము లోతు దాటొద్దు. ఇంటి నుంచి ఫోన్ వస్తే గంటన్నరలో చేరతాం అన్న ఆ ఒక్క ధీమా కోసం ఐదు నక్షత్రాల హోటలైనా వదులుకుంటాను.

కుక్క హైదరాబాదులోనే ఉంటే విశాఖ నాకు సరైన దూరం. 600 కిలోమీటర్ల పైనే, కానీ రోజంతా విమానాలు, సాయంత్రం గోదావరి ఎక్స్‌ప్రెస్ ఎక్కితే తెల్లారేసరికి ఊళ్లో ఉంటాం, పగలైతే వందే భారత్. అవసరమైతే అదే రోజు ఇంటికి రావచ్చు. రుషికొండ 2020లో బ్లూ ఫ్లాగ్ (శుభ్రమైన బీచిలకిచ్చే అంతర్జాతీయ గుర్తింపు) వచ్చిన బీచి, శుభ్రంగా ఉంటుంది. ఆ గుర్తింపు నియమాల్లోనే జంతువుల రాకపోకలపై కట్టడి ఉంది కాబట్టి కుక్కతో వెళ్లాలనుకునేవాళ్లకు అది పనికిరాదు. ప్రశాంతత కావాలంటే భీమిలి వైపు దిగండి. యారాడ చూడ్డానికి అందమైనదే, ఈతకు కాదు. అక్టోబరు, నవంబరుల్లో మాత్రం తుపాను కబుర్లు చూసుకుని బుక్ చేయండి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ ఈ ఊరినే తాకింది. మనం ఒకచోట, కుక్క ఇంకోచోట చిక్కుబడే పరిస్థితి కన్నా నరకం లేదు.

గోవా, గోకర్ణ వీటన్నిటికన్నా అందంగా ఉంటాయి, ఒప్పుకుంటాను. పడమటి తీరంలో సూర్యుడు నీళ్లలో మునుగుతాడు, మన వైపు నీళ్లలోంచి లేస్తాడు. పొద్దున లేవని జంటలకు పడమరే గతి. కానీ విమానం గంటా ఇరవై నిమిషాలే అని మోసపోవద్దు. దబోలిం విమానాశ్రయంలో దిగినా అగొండా చేరడానికి దాదాపు రెండు గంటలు, మోపాలో దిగితే ఇంకా ఎక్కువ. జూన్ నుంచి సెప్టెంబరు దాకా సముద్రం లోపలికి రానివ్వదు. కుక్కను మొదటిసారి వదిలి వెళుతున్నవాళ్లకు గోవా చెప్పను. మూడో ప్రయాణానికి ఉంచుకోండి. మొదటిసారికి ఎక్కడైనా మూడు రాత్రులు చాలు. దీపావళి రోజుల్లో ఎక్కడికీ వద్దు, టపాకాయల చప్పుడులో కొత్త చోట ఉన్న కుక్క గోడ దూకుతుంది.

బెంగ

దీనికి ఏ ఏర్పాటూ పూర్తిగా పనిచేయదు. విశాఖలో రెండో రోజు పొద్దున పెసరట్టు తింటూ, అంచు తుంచి టేబుల్ కిందికి చెయ్యి చాపాను. కింద ఏ మూతీ తగల్లేదు. మా ఆయన చూశారు, ఏమీ అనలేదు, తన పళ్లెంలోంచి ఇంకో ముక్క తీసి నా పళ్లెంలో పెట్టారు.

వీడియో కాల్ చేయొద్దు. మేం చేశాం. నా గొంతు వినగానే బూందీ ఫోన్ వెనక్కి వెళ్లి వెతికింది, తర్వాత తలుపు దగ్గర గంటసేపు కూర్చుందట. మాట్లాడి మనం తేలికపడతాం, అది కొత్తగా ఎదురుచూపు మొదలుపెడుతుంది. దానికి బదులు చూసుకునే వాళ్లను రోజుకు ఒక్క చిన్న వీడియో పంపమనండి, సాయంత్రం తిండి తినేటప్పుడు. మీరు చూడండి, అది మిమ్మల్ని చూడనక్కర్లేదు. ఇంట్లో కెమెరా పెట్టుకుంటే రోజుకు రెండుసార్లే చూస్తామని ఇద్దరూ ఒట్టు పెట్టుకోండి. నేను రాత్రి రెండింటికి లేచి, సోఫా మీద కదలని నల్ల ఉండను పది నిమిషాలు చూస్తూ, ఊపిరి తీస్తోందా లేదా అని మా ఆయన్ను లేపాను. అది మిరియం కాదు. కుషన్.

ఈ డిసెంబరుకు అన్నీ తేలిపోయాయి. సూర్యలంకే, మూడు రాత్రులు, మంగళవారం నుంచి. మిరియానికి కాలేజీ అమ్మాయి. బూందీ తెనాలికి. తారీఖులు చెబుదామని అమ్మకు ఫోన్ చేస్తే, మీరెప్పుడొస్తారు, ఏం వండాలి అని అడగలేదు. "మీకు సెలవు లేకపోతే పోనీలే, దాన్ని ఇంకో వారం ఉంచెయ్యకూడదటే?" అంది.